స్నేహితుడి పద్దు

ప్రేమికులకు పెళ్లి జరుగుతుంది. గర్వపోతుకు గడ్డి పెడతారు. మరి స్నేహితుడికి ఏం ముట్టింది? ఇంగ్లిష్ క్లాసిక్కులను దోహాలో కూర్చుని మళ్లీ తిరగేస్తే ఎదురయ్యే ప్రశ్న ఇది.

2005 మార్చి 19, శనివారం రాత్రి. దోహా ఉత్తర శివారులో, ఒక ఇంగ్లిష్ స్కూలు దగ్గర ఉన్న చిన్న థియేటర్లో షేక్‌స్పియర్ నాటకం నడుస్తోంది. ఆడుతున్నది దోహా ప్లేయర్స్. ఖతార్ ఇంకా బ్రిటిష్ వాళ్ల రక్షణలో ఉన్న 1954లో మొదలైన ఔత్సాహిక బృందం. పగలంతా ఎవరి ఉద్యోగాలు వాళ్లవి, పొద్దుగూకాక రిహార్సళ్లు. మన ఊళ్లలో పరిషత్తు నాటకాలాడే గుమాస్తాలూ మాస్టార్లూ ఎలాంటివాళ్లో వీళ్లూ అలాంటివాళ్లే. ఆ రాత్రి ప్రదర్శన సాగుతుండగా పేలుడు పదార్థాలు నింపిన కారొకటి థియేటర్ మీదికి వచ్చింది. నాటకానికి దర్శకత్వం వహిస్తున్న బ్రిటిష్ టీచరు జొనాథన్ ఆడమ్స్ చనిపోయాడు. పది మందికి పైగా గాయపడ్డారు. కారు నడిపినవాడు ఈజిప్టు నుంచి వచ్చి ఖతార్లోనే కొలువు చేసుకుంటున్న ఇంజినీరు. ఇరాక్ మీద అమెరికా దండెత్తి అప్పటికి రెండేళ్లు.

ఇప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. ఆ దాడి గురించి ఎవరు మాట్లాడినా ఇరాక్ గురించీ, భద్రత గురించీ మాట్లాడతారు. ఆ రాత్రి వేదిక మీద ఏ కథ నడుస్తోందో ఎవరికీ పెద్దగా పట్టదు. ఆ నాటకం 'ట్వెల్ఫ్త్ నైట్'. దాని కథ షేక్‌స్పియర్ పేరెత్తకుండా జగిత్యాల నుంచో, రాజోలు నుంచో గల్ఫ్ వెళ్లొచ్చిన మనిషికి చెప్పి చూడండి. ఇది ఏ కంపెనీలో జరిగిందని అడుగుతాడు.

ఓడ మునిగి వయోలా అనే పిల్ల ఎరగని దేశపు ఒడ్డున పడుతుంది. కవల సోదరుడు సముద్రంలో పోయాడనుకుంటుంది. దిక్కులేని ఆడది పరాయి దేశంలో ఆడదానిగా బతకలేదు కాబట్టి ఓడ కెప్టెన్ సాయంతో మగవేషం వేసి, పేరు మార్చుకుని, ఆ దేశపు ప్రభువు ఒర్సీనో కొలువులో చేరుతుంది. ఉద్యోగమేమిటయ్యా అంటే, ప్రభువుగారి ప్రేమ సందేశాలు ఒలీవియా అనే దొరసానికి మోయడం. మోస్తూ మోస్తూ యజమాని మీదే మనసు పడుతుంది. చెప్పుకునే వీల్లేదు. అక్కడ దొరసానేమో సందేశం మానేసి తెచ్చినవాడి మీద మోజు పడుతుంది. మగపిల్లలే ఆడవేషాలు కట్టిన కాలం కాబట్టి, లండన్ వేదిక మీద ఒక అబ్బాయి అమ్మాయిగా నటిస్తూ, ఆ అమ్మాయి మళ్లీ అబ్బాయిగా నటించేదన్నమాట. స్థానం నరసింహారావు సత్యభామను చూసిన జాతికి ఇందులో తికమక ఏమీ ఉండదు.

నాకు ఆ ప్రేమకథ కంటే దాని అంచున ఉన్న ఒక చిన్న సంగతి మీదే దృష్టి పోతుంది. వయోలా తన ఆడబట్టలు కెప్టెన్ దగ్గర దాచింది. చివరి అంకంలో చిక్కులన్నీ వీడిపోతాయి. సోదరుడు బతికే ఉన్నాడు, ప్రభువు పెళ్లాడతానన్నాడు. అయినా ఆమె తన రూపంలోకి తను రాలేదు. కారణం, బట్టలున్న కెప్టెన్ జైల్లో ఉన్నాడు. ఏదో దావా వేసి అతన్ని లోపల వేయించింది ఒలీవియా ఇంటి పెత్తందారు మాల్వోలియో. తెర పడేదాకా ఆ బట్టలు రావు, వయోలా మగవేషంలోనే వెళ్లిపోతుంది. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఇరుక్కుపోయినవాడికి ఈ సన్నివేశం విడమరచి చెప్పక్కర్లేదు. పాస్‌పోర్టు లాక్కుని పెట్టుకోవడం ఖతార్ చట్టం ప్రకారం తప్పే. చట్టం చట్టమే, బీరువా బీరువానే.

మాల్వోలియో ఈ నాటకంలో గర్వానికి ప్రతినిధి. తోటి నౌకర్ల మీద పెత్తనం చేస్తూ, ఏదో ఒకనాడు దొరసానిని పెళ్లాడి తానే దొర అవుతానని కలలు కంటాడు. గల్ఫ్ భాషలో చెప్పాలంటే క్యాంప్ బాస్. ఆకతాయిలు దొరసాని చేతిరాతతో దొంగ ఉత్తరం పడేస్తే నమ్మి, పసుపుపచ్చ మేజోళ్లు తొడుక్కుని, పళ్లికిలించుకుంటూ ఆమె ముందుకు పోతాడు. పిచ్చెక్కిందని చీకటి గదిలో వేస్తారు. 1602 ఫిబ్రవరి 2న లండన్ మిడిల్ టెంపుల్ హాల్లో ఈ నాటకం చూసిన మానింగ్‌హామ్ అనే న్యాయ విద్యార్థి తన డైరీలో ఈ దొంగ ఉత్తరం ముచ్చటనే మెచ్చుకున్నాడు. జనం నాలుగు వందల ఏళ్లుగా నవ్వుతూనే ఉన్నారు. నాకు మాత్రం ఆ నవ్వు సగంలో ఆగిపోతుంది. ఒర్సీనోకు గర్వం లేదా? కాదన్న ఆడదాన్ని వదలకుండా మనుషుల్ని పంపుతూనే ఉంటాడు కదా. ఆయనకు చివర్లో పెళ్లికూతురు దొరికింది, ఈయనకు చీకటి గది దొరికింది. ఇద్దరికీ తేడా జీతం ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ అన్నదే.

ఇక ఆంటోనియో. ఇతను మరో ఓడ కెప్టెన్. మునిగిపోయాడనుకున్న సోదరుడు సెబాస్టియన్‌ను నీళ్లలోంచి లాగి, మూడు నెలలు కంటికి రెప్పలా చూసుకుంటాడు. సెబాస్టియన్ ఒర్సీనో పట్నానికి పోతానంటాడు. ఆంటోనియో ఆ ఊళ్లో అడుగు పెట్టకూడదు, ప్రభువుగారి ఓడలతో యుద్ధం చేసిన కేసు ఉంది, కనబడితే పట్టుకుంటారు. అయినా కుర్రాణ్ని ఒంటరిగా పంపలేక వెనకాలే వస్తాడు. నువ్వు ఊరు చూసిరా, ఏదైనా కొనుక్కోవాలనిపిస్తే ఉంచుకో అని తన డబ్బు సంచి చేతిలో పెట్టి, తను సత్రంలో దాక్కుంటాడు. తర్వాత వీధిలో కత్తులు దూసిన గొడవ చూసి, మగవేషంలో ఉన్న వయోలాను సెబాస్టియనే అనుకుని అడ్డం పడతాడు. భటులు పట్టేసుకుంటారు. జైల్లో ఖర్చుకు కావాలి, నా సంచి నాకియ్యి అని అడుగుతాడు. నువ్వెవరో నాకు తెలీదంటుంది వయోలా. ఆమె అన్నది నిజమే. కానీ ఆ మాట విన్న మనిషి ముఖం ఒక్కసారి ఊహించుకోండి. ఈ నాటకంలో నిజంగా గుండె పగిలేది ఏ ప్రేమికుడికీ కాదు, ఇతనికే.

నాటకం ముగిసేసరికి మూడు పెళ్లిళ్లు ఖాయమవుతాయి. సెబాస్టియన్ ఆంటోనియోను చూసి ప్రేమగా పలకరిస్తాడు, కాదనను. అక్కడితో సరి. అతన్ని వదిలేస్తున్నానని ప్రభువు ఒక్క మాట అనడు. సంచి తిరిగి ఇచ్చినట్టు షేక్‌స్పియర్ రాయలేదు. కవలలిద్దరినీ పక్కపక్కన చూసి నోరెళ్లబెట్టాక ఆంటోనియోకు ఇంకో మాట లేదు. వేదిక మీద ఒక పక్కన నిలబడి ఉంటాడు, అంతే. దర్శకులు ఇప్పటికీ అతన్నేం చేయాలో తేల్చుకోలేక తలలు పట్టుకుంటారు.

ఈ లోటు షేక్‌స్పియర్ ఒక్కడిదే కాదు. మనం గొప్పవని చదువుకున్న ఇంగ్లిష్ పుస్తకాల్లో చాలావాటి చివరి పేజీల్లో ఇదే కనిపిస్తుంది.

ఆ పుస్తకాలు మనకేమీ కొత్తవి కావు. వావిలాల వాసుదేవశాస్త్రి జూలియస్ సీజర్‌ను 1870ల్లోనే తెలుగు చేశారు. ట్వెల్ఫ్త్ నైట్‌కు అన్నలాంటి మరో కవలల నాటకం 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'ను కందుకూరి వీరేశలింగం 'చమత్కార రత్నావళి' చేశారు. గోల్డ్‌స్మిత్ 1766 నాటి నవల 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' ప్రేరణతో ఆయన రాసిన 'రాజశేఖర చరిత్రము' ధవళేశ్వరం గోదావరి ఒడ్డున మొదలవుతుంది. కలిగిన రోజుల్లో ఇంటి నిండా మిత్రులు, ఆస్తి కరిగాక గుమ్మం తొక్కేవాడు లేడు. హచిన్‌సన్ అనే ఆయన దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి 1887లో లండన్‌లో అచ్చు వేయించాడు. ఇంగ్లిష్ కథ తెలుగై, తిరిగి ఇంగ్లిష్ ఇల్లు చేరింది. ఇవాళ అదే గోదావరి జిల్లాల నుంచి దోహా ఇళ్లలో పనికి పోయిన ఆడవాళ్లు ఉన్నారు. ఇంటర్లో నాన్‌డిటైల్ కింద ఇలాంటి నవలల్ని బట్టీ పట్టినవాళ్లు అక్కడి ఆఫీసుల్లో ఉన్నారు. ఖతార్లో భారతీయులు ఎనిమిది లక్షలు దాటారు, ఏ దేశపు వలసవాళ్లకంటే మనవాళ్లే ఎక్కువ.

జేన్ ఆస్టెన్ దగ్గరికి వద్దాం. 1813లో వచ్చిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో డార్సీ డాన్సు హాల్లో అడుగు పెట్టి ఐదు నిమిషాలు కాకుండానే అతని ఆదాయం ఏడాదికి పదివేల పౌన్లని గది మొత్తానికి తెలిసిపోతుంది. సంబంధం మాటల్లో అబ్బాయి దోహాలో అనగానే ఎన్ని రియాళ్లు అని అడిగే పెద్దమ్మకు ఆస్టెన్‌ను ఎవరూ పరిచయం చేయక్కర్లేదు. అందరూ ఆ నవలను ఎలిజబెత్, డార్సీల గర్వాలు ఒకదానికొకటి తగిలి కరిగిపోయే కథగా చదువుతారు. మనకు యద్దనపూడి 'సెక్రటరీ'లో జయంతి ఆత్మాభిమానం తెలుసు కాబట్టి ఆ రుచి బాగానే పడుతుంది.

నేను చూసేది షార్లెట్ వైపు. ఎలిజబెత్ ప్రాణ స్నేహితురాలు. ఇరవై ఏడేళ్లొచ్చాయి, అందం అంతంత మాత్రం, కట్నం లేదు. ఎలిజబెత్ కాదు పొమ్మన్న తలతిక్క కాలిన్స్‌ను కళ్లు తెరుచుకునే పెళ్లాడుతుంది, ఒక ఇల్లంటూ ఉంటే చాలనుకుని. ఎలిజబెత్ ఆమెను మనసులో తక్కువ చేస్తుంది. ఇక మనిద్దరి మధ్య మునుపటి చనువు ఉండదని తీర్మానించుకుంటుంది. నవల పేరులోని గర్వం డార్సీదేనా అని అనుమానం వచ్చేది ఇక్కడే. ఆ తర్వాత డార్సీ మొదటిసారి ఎలిజబెత్‌కు మనసు విప్పింది ఎక్కడ? షార్లెట్ ఇంట్లో. ఆమె పిలవకపోతే, ఇతను అక్కడికి రాకపోతే, ఆ కథ అక్కడే చల్లారిపోయేది. అయినా నవల ఆఖరి వాక్యంలో కొత్త దంపతులు కృతజ్ఞతలు చెప్పుకునేది ఎలిజబెత్ మేనమామ దంపతులకు, తమను కలిపింది వాళ్లేనని. షార్లెట్ ఊసే లేదు.

వీటన్నిటికీ మించి గల్ఫ్ మనిషి చదవాల్సింది డికెన్స్ రాసిన 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'. 1860, 61ల్లో వారం వారం సీరియల్‌గా వచ్చింది. ఇది ఇంటికి పంపే డబ్బు గురించిన నవల అని మాకు క్లాసులో ఎవరూ చెప్పలేదు.

కమ్మరి జో దగ్గర పెరిగే అనాథ పిప్. చిన్నప్పుడు పారిపోతున్న ఖైదీకి భయపడుతూనే తిండీ ఆకురాయీ తెచ్చిస్తాడు. కొన్నేళ్ల తర్వాత ఎవరో పేరు చెప్పని దాత పిప్‌ను లండన్‌లో పెద్దమనిషిని చేయడానికి డబ్బు పంపడం మొదలుపెడతాడు. పొగరుబోతు అందగత్తె ఎస్టెల్లాను పెంచుతున్న ధనవంతురాలే ఆ దాత అని పిప్ నమ్ముతాడు. పంపుతున్నది ఆ ఖైదీ మాగ్విచ్. యావజ్జీవ శిక్ష మీద ఆస్ట్రేలియా పంపితే, అక్కడ జనం మొహం కనబడని గుడిసెలో గొర్రెలు కాసి, తర్వాత సొంతంగా మందలు పెంచి, పైసా పైసా కూడబెట్టి, తను అడుగు పెట్టకూడని నగరంలో ఒక అబ్బాయి తెల్లచొక్కా వేసుకోవాలని పంపించాడు. ఎడారిలో గొర్లు కాసి కొడుకును హైదరాబాద్ హాస్టల్లో ఇంజినీరింగ్ చదివించిన తండ్రులు సిరిసిల్ల, నిజామాబాద్, కడప వైపు ఊళ్లలో ఉన్నారు. మాగ్విచ్‌ను వాళ్లు ఇట్టే పోల్చుకుంటారు.

మాగ్విచ్ తిరిగి వస్తే ఉరి. కాగితాల్లేకుండా ఉండిపోయినవాణ్ని మనవాళ్లు కల్లివెల్లి అంటారు కదా, ఇతను తన సొంత దేశంలోనే కల్లివెల్లి. అయినా పిల్లవాణ్ని కళ్లారా చూసుకోవాలని ఓడెక్కి వచ్చేస్తాడు. ఆ మోటు చేతులు ముందుకు చాపితే పిప్ అసహ్యంతో వెనక్కి జరుగుతాడు. ఇన్నాళ్లూ తిన్నది ఈ మనిషి రెక్కల కష్టమా అని అతనికి ఒళ్లు జలదరిస్తుంది. గర్వం మీద డికెన్స్ కొట్టిన దెబ్బ ఇది. దీని పక్కన డార్సీ గర్వం బొత్తిగా పెద్దింటి అలకలా కనబడుతుంది.

అంతకుముందే జోను చూసి పిప్ సిగ్గుపడ్డాడు. లండన్ గదికి జో వస్తే, ఇబ్బందిగా పట్టుకున్న టోపీ ఎక్కడ పెట్టాలో తెలియదు, పెట్టినచోటల్లా జారి పడుతుంది. పెంచిన పిల్లాణ్నే సార్ అని పిలుస్తాడు. డికెన్స్ ఆ టోపీ మీద పేజీకి పేజీ ఖర్చు పెడతాడు, మనం నవ్వుతాం, నవ్వుతూనే పిప్ మీద కోపం తెచ్చుకుంటాం. తర్వాత మాగ్విచ్ పట్టుబడి జైలు ఆస్పత్రిలో చనిపోతాడు. అప్పటికి పిప్ మనసు మారి చివరిదాకా అతని చెయ్యి పట్టుకునే ఉంటాడు. ఆస్తంతా ప్రభుత్వపరం. పిప్ జ్వరంతో పడిపోతాడు, నగల వర్తకుడి బాకీ కింద అరెస్టు చేయడానికి మనుషులొస్తారు. జో వచ్చి వారాల తరబడి సేవ చేస్తాడు. కాస్త తేరుకున్నాక ఒక తెల్లవారుజామున చెప్పకుండా వెళ్లిపోతాడు. పిప్ లేచి చూస్తే ఒక చీటీ, దాంతోపాటు బాకీ చెల్లిపోయినట్టు రసీదు. 123 పౌన్ల పదిహేను షిల్లింగుల ఆరు పెన్నీల బాకీ అది. కమ్మరివాడు అంత డబ్బు ఎలా కూడబెట్టాడో రచయిత చెప్పడు.

చాలామంది మర్చిపోయే సంగతి ఇంకొకటుంది. పిప్ చివరికి ఎక్కడికి పోతాడనుకున్నారు? మిత్రుడు హెర్బర్ట్ కైరోలో వ్యాపారం చూసుకుంటుంటే, ఉన్నదంతా అమ్ముకుని అప్పులవాళ్లకు కట్టి, అతని దగ్గర గుమాస్తాగా చేరతాడు. హెర్బర్ట్ దంపతులతో ఒకే ఇంట్లో ఉంటూ పొదుపు చేసి మిగతా అప్పు తీరుస్తాడు. జోను మళ్లీ చూసేసరికి పదకొండేళ్లు. అరబ్బు దేశంలో స్నేహితుడి రూములో ఉండి ఇంటి అప్పు తీర్చిన మొదటి నవలా నాయకుడు ఇతనేనేమో. ఎస్టెల్లాతో అతన్ని కలపాలా వద్దా అని డికెన్స్ తటపటాయించి, మొదట రాసుకున్న ముగింపును లిట్టన్ అనే మిత్రుడి మాట మీద మార్చాడు. ప్రేమకథకు రెండు ముగింపులు రాశాడు. జో రసీదుకు మాత్రం ఒక్కటే.

గల్ఫ్ మీద రాసిన నవలలోనూ ఇలాంటి స్నేహితుడున్నాడు. మలయాళీ బెన్యామిన్ 'ఆడుజీవితం' 2008లో వచ్చింది. సౌదీ ఎడారిలో చిక్కుకున్న నజీబ్‌ను ఇసుకలోంచి దారి చూపి రోడ్డుకు చేర్చేది ఇబ్రహీం ఖాదిరి. రోడ్డు కనబడేసరికి ఖాదిరి కనబడడు. ఎటు పోయాడో తెలియదు. అతనూ ఆంటోనియో పక్కన నిలబడాల్సినవాడే. కర్ణుడికి రాజ్యమిచ్చిన దుర్యోధనుడి స్నేహాన్ని చూసి కంటనీరు పెట్టే తెలుగువాళ్లం మనం, 1977లో 'దాన వీర శూర కర్ణ'కు అందుకే అంత జనం. మన కథ స్నేహాన్ని మధ్యలో కూర్చోబెట్టింది. ఇంగ్లిష్ క్లాసిక్కు దాన్ని పెళ్లి విందులో వడ్డించేవాడిగా నిలబెట్టింది. ఈ తేడాను నేను లోపమనే అంటాను, ఎంత గొప్ప రచయితైనా సరే.

దోహాలో స్నేహం లెక్క వేరు. నెలకు వెయ్యి రియాళ్ల కనీస వేతనం 2021 మార్చి నుంచి అమల్లోకి వచ్చింది. ఆ వేతనం మీద బతికేవాడికి ఊళ్లో తండ్రికి గుండెపోటు వస్తే టికెట్టు డబ్బు అప్పటికప్పుడు ఎక్కడి నుంచి వస్తుంది? రూములో పై మంచం వాడూ, కింది మంచం వాడూ, పక్క రూము నేపాలీ తలో నూరు వేస్తేనే వస్తుంది. ఎవరైనా చనిపోతే కాగితాల కోసం ఆస్పత్రికీ, పోలీసులకూ, ఎంబసీకీ తిరిగేది వాళ్లే. ఇండియన్ కమ్యూనిటీ బెనెవలెంట్ ఫోరం లాంటి సంస్థలు ఎంబసీ అండతో ఆ పనికి ఒక బల్లా కుర్చీ వేశాయి. ఆంధ్ర కళావేదిక, తెలుగు కళా సమితి, తెలంగాణ ప్రజా సమితి లాంటి మన సంఘాలు ఉన్నాయి. 2024 నవంబరులో ప్రపంచ తెలుగు సాహితీ సదస్సు దోహాలోనే జరిగింది. అలాంటి సభలు ఇంకా జరగాలి, వాటిలో ఈ రూము స్నేహాల కథలు రాయించాలి. సనాయియా, అంటే ఇండస్ట్రియల్ ఏరియా కుర్రాళ్లు రాయలేకపోతే చెప్పించుకుని అయినా రాయాలి.

ఖతార్లో ఉన్న పాఠకులకు ఒక మాట. ఎడ్యుకేషన్ సిటీలో రెమ్ కూల్హాస్ కట్టిన ఖతార్ నేషనల్ లైబ్రరీ ఉంది. 2017 నవంబరులో తెరిచారు, పది లక్షల పుస్తకాలకు పైగా ఉన్నాయి. ఖతార్ ఐడి ఉంటే సభ్యత్వానికి డబ్బు కట్టక్కర్లేదు. మెట్రో గ్రీన్ లైన్లో దాని పేరుతోనే స్టేషనుంది, టికెట్టు రెండు రియాళ్లు. సనాయియా నుంచైతే ముందు బస్సెక్కాలి. శుక్రవారం సాయంత్రం వెళ్లండి. ఇంగ్లిష్ కష్టమనిపిస్తే పిల్లల విభాగంలో తేలిక చేసిన క్లాసిక్కులు అడగండి, అందులో నామోషీ లేదు, మనమంతా నాన్‌డిటైల్ చదివే పాసయ్యాం. మొదట 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' తీసుకోండి. జేన్ ఆస్టెన్ తర్వాతైనా ఫరవాలేదు.